ఇంటికో పద్దు పుస్తకం

(మిర్యాలగూడలో ఇటీవల జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి ఖర్చులు తగ్గించుకోవడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరినప్పుడు నాకు కొంత సిగ్గు కలిగింది. ఎందుకో ముందే చెప్పుకుంటాను. నేను ట్రెజరీ శాఖలో గుమాస్తాగా 34 ఏళ్లు పనిచేశాను. ఇతరుల జీతాలు, పెన్షన్లు, బిల్లులు పైసా తేడా లేకుండా సరిచూశాను. అదే మనిషిని మొదటి ఇరవై ఏళ్లలో నా ఇంటి ఖర్చును ఒక్క నెల కూడా కాగితం మీద పెట్టలేదు. నెల మొదట్లో జీతం తెచ్చి అల్మారాలో పెట్టేవాణ్ణి. ఇరవయ్యో తేదీకి అల్మారా ఖాళీ అయ్యేది. పండుగ వస్తే పండుగ అడ్వాన్సు, ఏడాది చివర సంపాదిత సెలవు సరెండరు, అదీ చాలకపోతే జి.పి.ఎఫ్. నుంచి అప్పు. నా ఇంట్లో ఇద్దరు చెల్లెళ్ల నిఖాలు, రెండు అఖీఖాలు, ప్రతి ఏటా ఇఫ్తార్ విందు, అన్నీ ఘనంగా జరిగాయి. బంధువులందరూ మెచ్చుకున్నారు.

2001లో మా పెద్దమ్మాయికి బి.ఎస్సీ. నర్సింగులో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఫీజు, హాస్టలు కలిపి ముప్పై వేలు కట్టాలి. గడువు పది రోజులు. జి.పి.ఎఫ్. ఖాతా చూస్తే తీసుకోగలిగినదంతా నేను ముందే తీసేసుకున్నాను. చేబదులు అడగడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మా దావత్‌ను తలుచుకుని పొగిడారు కాని డబ్బు లేదన్నారు. గడువు దాటిపోయింది. "వచ్చే ఏడు చూద్దాం బేటీ" అన్నాను. వచ్చే ఏడు సంబంధం వచ్చింది. ఆ అమ్మాయి ఇవాళ తన ఇంట్లో సుఖంగానే ఉంది, నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాని ఆసుపత్రిలో తెల్లబట్టల నర్సు కనిపించిన ప్రతిసారీ నేను తల దించుకుంటాను. కనుక మీ ముందు పొదుపు నేర్చినవాడిగా కాక, లెక్క తప్పినవాడిగా నిలబడి మాట్లాడుతున్నాను.

మొదటి పని: రాయడం

ఆ సంవత్సరమే మా ఇంట్లో పద్దు పుస్తకం మొదలైంది. మొదలుపెట్టింది నేను కాదు, ఏడో తరగతి చదివిన నా భార్య. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలలో ప్రతి రాత్రీ పెన్సిలుతో ఆ రోజు ఖర్చు రాసేది. నెల తిరిగాక నా ముందు పెట్టింది. అది చూసి తెల్లబోయాను. మేము పెద్ద ఖర్చులతో చితికిపోతున్నామని నేను అనుకునేవాణ్ణి. పుస్తకం చూస్తే పెద్ద ఖర్చులతో పాటు చిల్లర ఖర్చు కూడా మమ్మల్ని తినేస్తోందని తేలింది. ఆఫీసు ముందు హోటల్లో నేను తాగే చాయ్, స్నేహితులకు తాగించే చాయ్, సిగరెట్లు, నా పద్దు కిందనే ఎక్కువ జమ అయింది.

ఈనాటి ధరలలో చూద్దాం. బయట చాయ్, పాన్, సిగరెట్టు కలిపి రోజుకు 40 రూపాయలు అనుకోండి. నెలకు 1,200. ఏడాదికి 14,600. ఇది ఏ శ్రీమంతుడి లెక్కా కాదు. ఆటో నడిపే తమ్ముడు కూడా ఇంత ఖర్చు పెడుతున్నాడు. అతని కూతురి కాలేజీ బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజు ఈ మొత్తంలోనే వెళ్లిపోతాయి.

మీరు ఒక్క నెల రాయండి. రాసిన ప్రతి ఖర్చు పక్కన మూడింటిలో ఒక మాట పెట్టండి: అవసరం, అలవాటు, ఆడంబరం. బియ్యం అవసరం. బయటి చాయ్ అలవాటు. ఇరుగుపొరుగు కొన్నారని కొన్న సోఫా ఆడంబరం. అవసరం జోలికి వెళ్లకండి. అలవాటును సగం చేయండి. ఆడంబరాన్ని వచ్చే ఏటికి వాయిదా వేయండి. వాయిదా వేసినవాటిలో చాలావాటిని మనమే మరిచిపోతాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పొదుపు అంటే పిసినారితనం కాదు. ఇస్రాఫ్‌ను, అంటే దుబారాను, కాదన్న మన ధర్మమే పిసినారితనాన్ని కూడా కాదన్నది. రెంటి నడుమ నడవమన్నది.

వంటింట్లో

సరుకులు ఏ రోజుకు ఆ రోజు కిరాణా కొట్టులో కొనేవారు ఎక్కువ ధర పెడుతున్నారు. జీతం వచ్చే ఇళ్లవారు నెలకు ఒకసారి చీటీ రాసుకుని కొనవచ్చు. రోజుకూలి ఇళ్లవారు కనీసం వారానికి ఒకసారి కొనవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి పది కిలోల కందిపప్పు కొని పంచుకుంటే ఇంకా మేలు. చింతపండు, ఎండు మిరపకాయలు, పసుపు కొత్త పంట వచ్చే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా తీసుకుని ఎండబెట్టి దాచుకోవడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. మధ్యలో మనం మరిచిపోయాం. కూరగాయలకు 1999 నుంచి రైతు బజార్లున్నాయి. అక్కడి ధరల పట్టిక చూసి వస్తే బయట బేరమాడే ధైర్యమైనా వస్తుంది.

పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అని మాత్రం నమ్మకండి. కొన్ని షాంపూలు సీసా కంటే చిన్న పొట్లంలోనే చవకగా పడతాయి. ప్యాకెట్టు ధర పాతదే ఉంచి లోపలి బరువు తగ్గించే కంపెనీలు కూడా ఉన్నాయి. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత పడుతుందో ముద్రిస్తున్నారు. ఆ చిన్న అక్షరాలు చదవండి. కళ్లు కనిపించకపోతే బడికి వెళ్లే పిల్లలతో చదివించండి. వాళ్లకు లెక్కలూ వస్తాయి.

మాంసం విషయం ఎత్తితే సభలో అందరూ నవ్వుతారని తెలుసు. మానేయమని చెప్పడం లేదు. మన పెద్దలు దాల్చా ఎందుకు కనిపెట్టారో ఆలోచించండి. అర కిలో మాంసం, శనగపప్పు, ఒక సొరకాయ, చింతపండు పులుసు కలిస్తే పదిమంది దస్తర్‌ఖాన్ మీద కూర్చుని కడుపునిండా తినవచ్చు. అదే అర కిలోతో సాలన్ వండితే నలుగురికి చాలదు. గోంగూర గోష్ట్ కూడా అటువంటిదే. మిగిలిన రొట్టెలకు బెల్లం కలిపి మలీదా చేసి పెడితే, పిల్లలు బేకరీ బిస్కెట్టు అడగరు. ఇవి పేదరికపు వంటలు కావు, తెలివైన వంటలు.

గ్యాసు, కరెంటు, ఫోను

పప్పును, శనగలను ముందే నానబెట్టి కుక్కరులో ఉడికించడం, ఈలలు మొదలయ్యాక మంట తగ్గించడం, గిన్నె మీద మూత పెట్టడం. ఈ మూడూ పాటిస్తే సిలిండరు మరికొన్ని రోజులు వస్తుంది. సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉండాలి. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే రాసి ఉంటుంది. రెండూ కలిపి తూచి చూపించమని తెచ్చినవారిని అడిగే హక్కు మీకుంది.

కరెంటులో ఒక చిన్న లెక్క. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అదే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఇడి బల్బుకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 వాట్లు చాలు, నెలకు 11 యూనిట్ల లోపే. ఉన్న ఫ్యానును పారేసి కొనమనను. పాడైన రోజున, మళ్లీ కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మన రాష్ట్రంలో ఈ లెక్కకు మరో ప్రాముఖ్యం ఉంది. 2024లో వచ్చిన గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. అంటే 198కీ 203కీ మధ్య తేడా ఐదు యూనిట్లు కాదు, ఒక పూర్తి బిల్లు. ఎండాకాలంలో నెల మధ్యలో ఒకసారి మీటరు చూసి రాసుకోండి.

ఫోను రీచార్జి ఇప్పుడు ప్రతి ఇంట్లో బియ్యంతో సమానమైన ఖర్చు అయింది. 28 రోజుల ప్లాను నెల ప్లాను కాదు. ఏడాదికి 12 సార్లు కాక 13 సార్లు కట్టిస్తుంది. ఇంట్లో నాలుగు ఫోనులుంటే నాలుగు అదనపు రీచార్జులు. అందరి ఫోనుకూ రోజువారీ డేటా అవసరమా, ఇంట్లో ఒకరి డేటాను మిగిలినవారు వాడుకోలేరా అని కూర్చుని తేల్చుకోండి.

మందులు

మన ఇళ్లలో నలభై దాటినవారిలో షుగరు, బి.పి. లేనివారిని వెతుక్కోవాలి. జీవితాంతం మింగే మాత్ర ధర ఐదు రూపాయలు తగ్గినా పెద్ద పొదుపే. జన ఔషధి కేంద్రాలలో అదే మందు బ్రాండు పేరు లేకుండా సగం ధరకు, కొన్ని అంతకంటే తక్కువకు కూడా దొరుకుతుంది. డాక్టరు రాసిన మందు అసలు పేరు చెప్పమని, అదే మోతాదులో జెనరిక్ వాడవచ్చా అని డాక్టరునే అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుంటే షుగరు, బి.పి. మాత్రలు ఉచితంగా ఇస్తారు. అయితే ఖర్చు తగ్గించుకోవడానికి మాత్ర మానేయడం మాత్రం పొదుపు కాదు. ఈ రోజు మిగిల్చిన మాత్ర డబ్బు రేపు డయాలిసిస్‌కు పదింతలై పోతుంది.

వదిలేసుకున్న హక్కే అతి పెద్ద దుబారా

పొదుపు సభలో హక్కుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నా 34 ఏళ్ల గుమాస్తా అనుభవంతో చెబుతున్నాను: మనకు రావలసినది తీసుకోకపోవడం వల్ల మన ఇళ్లలో జరిగే నష్టం, చాయ్ సిగరెట్ల నష్టం కంటే పెద్దది.

ఆహార భద్రతా కార్డు ఉన్న ఇంట్లో మనిషికి 6 కిలోల బియ్యం. 2025 నుంచి సన్న బియ్యమే ఇస్తున్నారు. కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు కార్డులో చేర్చని ఇళ్లెన్ని ఉన్నాయి? ఐదుగురి ఇంట్లో ఇద్దరి పేర్లు లేకపోతే నెలకు 12 కిలోలు బజారులో కొంటున్నట్టే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా ఆపరేషను అనగానే బంగారం తాకట్టు పెట్టడానికి పరుగెత్తేవారిని నేను చూశాను. మైనారిటీ గురుకుల పాఠశాలలు 2016 నుంచి నడుస్తున్నాయి. చదువు, భోజనం, వసతి అన్నీ ఉచితం.

ఇవ్వకుండా తగ్గించినవాటిని గూర్చి అడగవలసిన బాధ్యత కూడా మనదే. 2022లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. చిన్న తరగతుల పిల్లల తల్లిదండ్రులపై ఆ భారం తిరిగి వచ్చిపడింది. మనం ఇంట్లో ఎంత పొదుపు చేసినా ఆ అన్యాయం న్యాయం కాదు. పొదుపు మన పని. మన వాటా అడగడం కూడా మన పనే. ఒకటి చేస్తున్నామని రెండోది మానరాదు.

దరఖాస్తులు ఎందుకు తిరిగి వస్తాయో బల్లకు అవతలి పక్క కూర్చున్నవాడిగా చెబుతాను. మన పేర్లు. ఆధార్‌లో ఎం.డి., బడి సర్టిఫికెట్టులో మహమ్మద్, బ్యాంకులో మొహమ్మద్. ఒక చోట షేక్ ముందు, మరో చోట షేక్ వెనుక. బేగం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు మనుషులు. ఒక్క అక్షరం సవరించడానికి కూలి మానుకుని ఐదుసార్లు తిరిగిన తండ్రికి ఐదు రోజుల కూలి పోతుంది. అందుకే పిల్లవాణ్ణి బడిలో చేర్చే రోజునే పేరు ఒక కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుని వెళ్లండి. జనన ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో, బడి రిజిస్టరులో ఒకే స్పెల్లింగు ఉండేలా చూడండి. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త ఇరవై ఏళ్ల పాటు డబ్బు మిగులుస్తుంది.

అప్పు

రోజువారీ ఫైనాన్సు మన వీధులలో ఎలా నడుస్తుందో మీకు తెలుసు. పది వేల అప్పు అంటారు, చేతికి 8,500 ఇస్తారు. వంద రోజులు రోజుకు వంద చొప్పున కట్టాలి. "పదిహేను వందలే కదా" అనుకుంటాం. కాని మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతూ ఉంటాం కనుక సగటున మన చేతిలో ఉండేది నాలుగు వేల పైచిలుకు మాత్రమే. దానికి వంద రోజులకు 1,500 అంటే నెలకు నూటికి పది రూపాయలు దాటిన వడ్డీ. నూటికి మూడు రూపాయలంటేనే గుండె దడదడలాడే మనం దీనికి నవ్వుతూ సంతకం చేస్తున్నాం. వడ్డీ హరామ్ అని చెప్పుకునే ఇళ్లలో కూడా ఇది జరుగుతోంది. బ్యాంకులు మన వాడలకు అప్పు ఇవ్వడంలో ఎంత వెనుకంజ వేస్తాయో 2006లో సచార్ కమిటీ నివేదికే చెప్పింది. అందుకే ఈ తలుపు తట్టవలసి వస్తోందని నాకు తెలుసు.

దీనికి మా వీధిలో ఒక చిన్న ప్రయత్నం చేశాం. పాట లేని చీటీ. పన్నెండు కుటుంబాలు, నెలకు వెయ్యి చొప్పున. వచ్చిన పన్నెండు వేలు ఒక్కరికే ఇస్తాం. పాట లేదు, కోత లేదు, వడ్డీ లేదు. ఎవరికి ముందు అన్నది అవసరాన్ని బట్టి నిర్ణయిస్తాం. జూను నెల ఎప్పుడూ కాలేజీ ఫీజు కట్టవలసిన ఇంటిదే. పన్నెండు మందీ ఒకరినొకరు ఎరిగినవారై ఉండాలి. ప్రతి నెలా పుస్తకంలో అందరి సంతకాలూ ఉండాలి. నమ్మకం ఉంది కదా అని సంతకం వదిలేయకూడదు. సంతకం ఉంటేనే నమ్మకం నిలుస్తుంది.

పెళ్లి

నేను చితికిపోయిన చోటు ఇదే. షాదీ ముబారక్ కింద ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయలు ఆడపిల్లకు ఆసరా కావాలని ఇస్తున్నది. మన ఇళ్లలో అది ఫంక్షన్ హాలుకు, బిర్యానీ దేగ్చాలకు ముందే రాసిపెట్టబడుతోంది. పెళ్లయ్యాక వచ్చే డబ్బును చూపించి పెళ్లికి ముందే అప్పు చేస్తున్నాం. మసీదులో నిఖా, ఇంటివారి స్థోమతకు తగిన వలీమా, ఆడపిల్లవారిపై విందు భారం లేకుండా ఉండడం. ఈ మూడింటినీ ఒక్క కుటుంబం పాటిస్తే లోకువగా చూస్తారు. అందరూ కలిసి తీర్మానించుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. జమాత్ పెద్దలు ఈ పని నెత్తికెత్తుకోవాలని, అందులోనూ డబ్బున్న ఇళ్లతో మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఒక సోదరి ప్రశ్న

కొంతకాలం క్రితం ఇటువంటి సభలోనే ఒక సోదరి లేచి, "సాబ్, నా భర్త రైసు మిల్లులో హమాలీ. మేం చాయ్ కూడా ఇంట్లోనే తాగుతాం. నేనేం తగ్గించాలి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఈ రోజు కూడా చెబుతున్నాను. అమ్మా, నువ్వు తగ్గించవలసినదేమీ లేదు. నీకు రావలసినవి నీకు వస్తున్నాయా అన్నదే ప్రశ్న. కడుపు కట్టుకునేవారికి పొదుపు బోధించడం తగదు. వారి కార్డులు, పేర్లు, దరఖాస్తులు సరిచేసి పెట్టడమే చదువుకున్నవారి పని. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం ఉదయం నేను ఈ హాలులోనే ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకోండి. ఫీజు లేదు.

మరో మాట మగవారికి. ఖర్చు తగ్గించాలనగానే మొదటి కోత ఇంటి ఇల్లాలి పళ్లెంలో పడుతుంది. రెండవది ఆడపిల్ల చదువు మీద పడుతుంది. ఇది పొదుపు కాదు, జుల్మ్. పిల్లల పాలు, గుడ్లు, మందులు, చదువు, ఈ నాలుగింటి పద్దులో కోత పెట్టకండి. కోత మన జేబు నుంచి మొదలుకావాలి.

మా ఇంటి పద్దు పుస్తకం మొదటి నెలలో మిగిల్చింది 640 రూపాయలు. దాన్ని పోస్టాఫీసులో వేశాం. తరువాత నెలలలో ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ, రెండు మూడు నెలలు ఏమీ లేదు. కాని చిన్నమ్మాయికి డిగ్రీ, ఆ తరువాత బి.ఇడి. వచ్చేనాటికి ఎవరి గడపా తొక్కలేదు. ఆమె ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతోంది. సెలవులకు వచ్చినప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ పాత పుస్తకాలు తీసి, నా సిగరెట్ల పద్దు చదివి నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను. పెద్దమ్మాయి కూతురు ఈ ఏడు ఇంటర్ బై.పి.సి.లో చేరింది. నర్సింగు చదువుతానంటోంది. ఆ ఫీజుకు ఇప్పటి నుంచే ఒక పేజీ తెరిచాం.

ఇంటికి వెళ్లే దారిలో ఇరవై రూపాయలు పెట్టి ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పద్దుగా ఆ ఇరవై రూపాయలే రాయండి. దాని పక్కన 'అవసరం' అని పెట్టండి.